చక్రం కంటే ముందు తలుపు

విమానం దిగబోతుంటే కాళ్ల కింద నుంచి ఒక గరగర, దాని వెనకే ధడ్‌మనే చప్పుడు వినిపిస్తాయి. చాలామంది ఉలిక్కిపడతారు. నేను మాత్రం వరస చూసుకుంటాను. మొదట పొట్ట కింది తలుపు తెరుచుకోవాలి. తర్వాత చక్రాన్ని పైన పట్టి ఉంచిన కొక్కెం వదలాలి. కాలు కిందికి దిగాలి. దిగాక మోకాలి దగ్గర తాళం పడాలి. చాలా విమానాల్లో ఆఖర్న తలుపు మళ్లీ మూసుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి ముందూ వెనకా అయినా చక్రం వెళ్లి తలుపుని గుద్దుతుంది. నిజం విమానంలో అది జరగకముందే కంప్యూటర్‌లో జరిపి చూడటం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని, ఎన్నడూ చేత్తో ముట్టుకోని విమానాల చక్రాల్ని తెర మీద దించుతూ, ఎక్కిస్తూ పాతికేళ్లు గడిపేశాను.

ఈ విద్యకి ఒక చరిత్ర ఉంది. అమెరికా వాళ్లు చెబితే మిషిగన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెడతారు. నేను చెబితే నిడదవోలు స్టేషన్ సిగ్నల్ కేబిన్‌లో మొదలవుతుంది.

మాది నిడదవోలు. రుద్రమదేవి మెట్టినిల్లని చెప్పుకుని మురిసిపోయే ఊరు. 2022లో జిల్లాలు మార్చేదాకా పశ్చిమగోదావరి వాళ్లం, ఇప్పుడు తూర్పు వాళ్లమయ్యాం. మద్రాసు-హౌరా లైన్లోంచి భీమవరం, నరసాపురం వైపు బ్రాంచి చీలేది మా ఊళ్లోనే. మా నాన్నగారు కేబిన్‌లో లీవర్లు లాగే ఉద్యోగి. అన్నం క్యారేజీ పట్టుకెళ్లే వంకతో నేనా కేబిన్ మెట్లు ఎక్కేదాన్ని. లోపల నిలువెత్తు లీవర్లు వరసగా ఉండేవి. సిగ్నళ్లవి ఎరుపు, పట్టాలు మార్చే పాయింట్లవి నలుపు, పాయింట్ల తాళాలవి నీలం, గేటుది గోధుమ రంగు. గోధుమ రంగు లీవర్ లాగి గేటుకి తాళం పడితే తప్ప ఎర్ర లీవర్ కదిలేది కాదు. సిగ్నల్ ఇచ్చేశాక ఎవరో పెద్దమనిషి కారు ఆగిపోయిందని గేటు తీద్దామన్నా వచ్చేది కాదు. నాన్నగారు కాదనక్కర్లేదు, లీవర్ల కింద గాడులు కోసిన ఇనప పట్టీలే ఒకదాన్నొకటి పట్టేసేవి.

ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ అనే ఆయన 1856లో పేటెంటు తీసుకున్న పద్ధతికి వారసురాలు ఆ కేబిన్. ఏది కదిలాక ఏది కదలాలి, ఏది కదిలితే ఏది కదలకూడదు అన్న తర్కమంతా ఆకురాయితో ఇనుములో రాసి పెట్టారు. గేటు పడకుండా సిగ్నల్ రాదు. తలుపు తెరుచుకోకుండా చక్రం దిగదు. చక్రాల పనిలోకి వచ్చిన మొదటిరోజున నాకిచ్చిన కాగితం చూసి నేను కొత్తగా నేర్చుకున్నది పేర్లు మాత్రమే.

అయితే ఆ కేబిన్‌లో ఇంకొకటి కూడా చూశాను. సిగ్నల్ స్తంభం దాకా పోయే తీగ చాలా పొడుగు. వేసవిలో ఎండకి సాగేది. లీవర్ మొత్తం లాగినా సిగ్నల్ చెయ్యి రావాల్సినంత వచ్చేది కాదు. అందుకని తీగ బిగించుకోవడానికి వేరే ఏర్పాటు ఉండేది. మధ్యాహ్నం బిగించాలి, రాత్రి చల్లబడ్డాక వదలాలి. "కాయితం మీద తీగ సాగదమ్మా, ఎండలోనే సాగుద్ది" అనేవారు నాన్నగారు.

కంప్యూటర్‌లో యంత్ర భాగాల్ని కదిలించే విద్య ముందుకు జరిగిన ప్రతిసారీ జరిగింది ఇదే. ఇనుముకున్న లోపాల్లో ఒకదాన్ని, వంగడమో, సాగడమో, వదులో, ఆలస్యమో, లెక్కలోకి రానిచ్చారు. గట్టి లెక్క అంటే లోపాల్లేని లెక్క కాదు, లోపాల్ని ఎంచిన లెక్క.

కంప్యూటర్లకి ముందు విమాన భాగాల కదలిక డ్రాయింగ్ బల్ల మీద నడిచేది. చక్రం పైన ఉన్నప్పుడు ఒక బొమ్మ, సగం దిగినప్పుడు ఒకటి, పూర్తిగా దిగాక ఒకటి గీసి, పారదర్శకమైన కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కడ తగులుతోందో చూసేవారు. అట్టముక్కలు కోసి, గుండుసూదులు గుచ్చి తిప్పి చూసేవారు. ఆఖరికి చెక్కతో నిలువెత్తు నమూనా కట్టి, అందులో అమర్చి చూసేవారు. ఆ కాగితాల్లో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఏం జరిగిందో గీసినవాడి ఊహకే వదిలెయ్యాలి. తగిలేది సరిగ్గా ఆ మధ్యలోనే అయితే చెక్క నమూనా దాకా తెలిసేది కాదు.

కంప్యూటర్ వచ్చాక కూడా ముందు దాని చేతికి వెళ్లింది కదలిక కాదు, బలం. రెక్క ఎంత బరువుకి ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అన్న ప్రశ్న. బోయింగ్‌లో టర్నర్, ఆయనతోపాటు రే క్లఫ్ తదితరులు 1956లో వేసిన వ్యాసం దీనికి పునాది. రెక్కని చిన్నచిన్న ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకి లెక్క కట్టి, అన్నిటినీ కలిపి చూడటం ఆ పద్ధతి. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టారు. 1960ల చివరికల్లా నాసా నాస్ట్రాన్ అనే ప్రోగ్రామ్ తయారు చేయించింది. వరంగల్ ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో 1968లో బీఈ చేసి అమెరికా వెళ్లిన జె.ఎన్. రెడ్డి గారు 1984లో రాసిన ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకం నా తరం మెకానికల్ వాళ్ల అలమరల్లో తప్పకుండా ఉండేది. ఇదంతా నిలబడ్డ వస్తువు లెక్క. కదిలే వస్తువు కంప్యూటర్‌కి అంత సులువుగా లొంగలేదు.

ఎందుకు లొంగలేదో చెప్పడానికి ఒక తలుపు చాలు. గాలిలో వదిలేసిన ఏ వస్తువుకైనా ఆరు రకాల స్వేచ్ఛలు ఉంటాయి. మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు ఇరుసుల చుట్టూ తిరగగలదు. దానికి ఒక బందు వేస్తే అయిదు పోతాయి, తిరగడం ఒక్కటే మిగులుతుంది. తలుపుకి కావలసింది కూడా అదే. మరి రెండో బందు వేస్తే? లెక్క ప్రకారం ఇంకో అయిదు పోవాలి. ఆరులోంచి పది తీస్తే మైనస్ నాలుగు. అంటే ఈ తలుపు తెరుచుకోవడం అసాధ్యమని కంప్యూటర్ తేల్చేస్తుంది. రెండేసి, మూడేసి బందులున్న తలుపులు లోకమంతా రోజూ తెరుచుకుంటూనే ఉన్నాయి. ఎందుకంటే ఏ బందూ కాగితం మీద గీసినంత కచ్చితంగా ఉండదు. మేకుకీ రంధ్రానికీ మధ్య వెంట్రుకవాసి సందుంటుంది. వర్క్‌షాపులో దాన్నే ప్లే అంటారు. చెక్క కాస్త వంగుతుంది, రేకు కాస్త సాగుతుంది. లోకంలో తలుపులు తెరుచుకుంటున్నది ఆ లోపాల దయవల్లనే.

ఇది తమాషా లెక్కే గానీ, మా పనిలో రోజూ ఎదురయ్యేదే. విమానం రెక్క వెనక అంచున కదిలే పలకలకి పొడుగునా చాలా బందులుంటాయి. రెక్క నేల మీద ఉన్నప్పుడు ఆ బందులన్నీ ఒకే గీతలో ఉంటాయి. గాల్లోకి లేచాక రెక్క పైకి వంగుతుంది, ఆ గీతా వంగుతుంది. వంకర గీత మీద పలక తిరగాలంటే బిగుసుకుంటుంది. మరీ వదులుగా బిగించామా, గాలి వేగానికి పలక గడగడ కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం ముదిరితే రెక్కకే ముప్పు. అందుకే పలకలో వదులు ఒక డిగ్రీలో ఎన్నో వంతు దాటకూడదని హద్దు పెట్టుకుని పనిచేస్తారు. భాగాలన్నీ రాయిలా గట్టివనుకుని లెక్కవేస్తే ఈ కథలో ఏదీ కనపడదు. వంగే భాగాన్ని కదిలే లెక్కలోకి తేవాలి. ముక్కలు ముక్కలుగా కోసిన రెక్కలో వేల సంఖ్యలో కదలికలుంటాయి, వాటినన్నిటినీ మోసుకు తిరగలేం. 1968లో రాయ్ క్రెయిగ్, మెర్విన్ బాంప్టన్ అనే ఇద్దరు ఆ వేలని కొద్దిపాటి ముఖ్యమైన వంపులకి కుదించే దారి చూపించారు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం వాళ్ల పేర్లు తలవని వారం లేదు.

రెండో ఇబ్బంది కాలంతో. చక్రం పూర్తిగా దిగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తాళం పడేటప్పుడు ఇనుము ఇనుముకి తగిలి అదిరేది సెకనులో వెయ్యోవంతుల్లో. ఒకే యంత్రంలో నిదానమూ ఉంది, మెరుపూ ఉంది. మెరుపుని వదలకూడదని అడుగడుగూ వెయ్యోవంతుల్లో వేసుకుంటూ పోతే ఆనాటి కంప్యూటర్ మీద లెక్క ఎప్పటికీ తెమిలేది కాదు. విలియం గేర్ అనే గణితవేత్త 1971 ప్రాంతంలో ఇలాంటి మొండి సమీకరణాల్లో అవసరమైనచోట చిన్న అడుగు, తక్కినచోట పెద్ద అడుగు వేసే పద్ధతి ఇచ్చారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మిల్టన్ చేస్, ఆయన దగ్గర పనిచేసిన నికొలాయ్ ఒర్లాండియా ఆ పద్ధతిని యంత్రాలకి తగిలించారు. ఒక భాగం తన పక్క భాగాలతోనే మాట్లాడుతుంది గనక సమీకరణాల పట్టికలో ఎక్కువ గళ్లు సున్నాలే. ఆ సున్నాల జోలికి పోకుండా లెక్కవేస్తే పని ఎంతో తగ్గిపోతుందని 1977లో వ్యాసం వేశారు. అదే ఏడు పుట్టిన కంపెనీ ద్వారా ఆడమ్స్ అనే ప్రోగ్రామ్ బజారులోకి వచ్చింది. కార్ల కంపెనీలు, విమానాల కంపెనీలు రెండూ దాన్ని పట్టుకున్నాయి.

మూడోది తిరగడం. ఒక పుస్తకం తీసుకుని చూడండి. బల్ల మీద వెల్లకిలా పెట్టి, ముందు పై అంచు లేపి అట్ట మీవైపుకి వచ్చేలా నిలబెట్టండి. తర్వాత నిలువు ఇరుసు చుట్టూ పావు చుట్టు తిప్పండి. అట్ట పక్కగోడని చూస్తుంది. ఇప్పుడు వరస మార్చండి. ముందు బల్ల మీదే పావు చుట్టు తిప్పి, తర్వాత నిలబెట్టండి. అట్ట మీకే ఎదురుగా ఉంటుంది, కాకపోతే అక్షరాలు అడ్డంగా పడుకుంటాయి. అవే రెండు తిప్పుళ్లు, వరస మారితే ఫలితం మారింది. జరగడాల్ని ఎటునుంచి ఎటు కూడినా ఒకటే, తిరగడాల్ని అలా కూడలేం. తిరుగుతూనే వంగే సన్నటి పొడుగాటి భాగాలకి, హెలికాప్టర్ రెక్కల్లాంటి వాటికి, ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఈ చిక్కు మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో మనవాడొకరున్నారు. అట్లూరి సత్యనాథం గారు. 1945లో గుడివాడలో పుట్టారు. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ, బెంగళూరు ఐఐఎస్‌సీ, అక్కణ్నుంచి ఎంఐటీ. 1969లో డాక్టరేటు. జార్జియా టెక్‌లో ఉండగా జపాన్‌కి చెందిన ఇయూరాతో కలిసి, బాగా సాగుతూ తిరిగే కడ్డీల కదలిక మీద 1988లో వేసిన వ్యాసం, కజ్జానితో కలిసి తిరగడాల గణితం మీద 1995లో రాసిన సుదీర్ఘ సమీక్ష ఆ రంగంలో వాళ్లకి బాగా తెలిసినవి. పాతబడ్డ విమానాల ఒంట్లో పగుళ్లు ఎలా పెరుగుతాయో లెక్కకట్టే పనిలోనూ ఆయనది పెద్ద పేరు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. కాకినాడలో మా మేష్టార్లు ఆయన పేరు చెప్పి మమ్మల్ని దెప్పేవారు.

ఆ కాకినాడ కాలేజీ 1946లో పుట్టింది. నేను చేరేనాటికి మా బ్యాచ్ మెకానికల్‌లో ఆడపిల్లలం ఇద్దరమే. చుట్టుపక్కల ఎక్కడా విమానాల ఫ్యాక్టరీ లేదు. రాజమండ్రి పక్క మధురపూడిలో రన్‌వే ఉంది గానీ, విమానం తయారయ్యేది బెంగళూరులో. లేతు, ఫర్నేసు, మిల్లు అన్నీ చూశాం, విమానం కాలు ఎలా ఉంటుందో మటుకు బొమ్మల్లోనే చూశాం. మా వైపు పిల్లలు విమానంలోకి లెక్క గుమ్మంలోంచి అడుగుపెట్టడానికి కారణం ఇంతే. ఇనుముకి ఫ్యాక్టరీ కావాలి, లెక్కకి పలకా బలపం చాలు, తర్వాత తర్వాత ఒక కంప్యూటర్.

ఆ కంప్యూటర్ హైదరాబాద్‌లో దొరకడం వెనకా మా జిల్లా మనిషే ఉన్నారు. పశ్చిమగోదావరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో ఈసీఐఎల్‌ని నిలబెట్టారు. ఆ సంస్థ టీడీసీ వరస కంప్యూటర్లు తయారు చేసింది. ఏఎస్ రావు నగర్ అని బస్సు దిగేవాళ్లలో ఆ ఏఎస్ రావు ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. 1988లో డీఆర్‌డీవో హైదరాబాద్‌లోనే అనురాగ్ అనే ప్రయోగశాల పెట్టింది. విమానాల చుట్టూ గాలి లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటర్ కట్టింది అక్కడే. బెంగళూరులోని జాతీయ విమాన పరిశోధనశాల నాల్‌లో 1986కే ఫ్లోసాల్వర్ అనే అలాంటి కంప్యూటర్ వచ్చింది. పెద్ద కంప్యూటర్లు మనకి అమ్మడానికి అమెరికా ఒప్పుకోని రోజులు మరి.

లెక్కా, ఇనుమూ మన దేశంలో ఒకే గదిలో కూర్చున్నది తేజస్ యుద్ధవిమానం పనిలో. దానికోసం 1984లో ఏడీఏ అనే సంస్థ ఏర్పడింది. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు ఆ కార్యక్రమాన్ని నడిపించారు, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వచ్చారు. తేజస్‌ని కావాలనే అస్థిరంగా రూపొందించారు. వదిలేస్తే అది తన దారిన తాను నిలకడగా ఎగరదు. రెక్క వెనక అంచు పలకల్ని కంప్యూటర్ క్షణక్షణం సర్దుతూ ఉండాలి. అంటే పలకని తోసే హైడ్రాలిక్ యంత్రం ఆజ్ఞ అందాక ఎంత ఆలస్యంగా కదులుతుందో కూడా లెక్కలోకి రావాలి. ఆలస్యం ఎక్కువైతే సర్దుబాటే ఊపు అయి కూర్చుంటుంది. నాల్‌లో శ్యామ్ చెట్టి నాయకత్వంలోని బృందం ఈ నియంత్రణ సూత్రాలు రాసింది. 1996లో అమెరికాలో ఒక ప్రత్యేక ఎఫ్-16 విమానానికి తేజస్ స్వభావం అద్ది ఎగరేసి చూశారు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలొచ్చాయి, లాక్‌హీడ్ మార్టిన్ సహకారం ఆగిపోయింది. మిగతా పని ఇక్కడే పూర్తి చేశారు.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఐరన్ బర్డ్. విమానంలో ఉండే అసలు గొట్టాలు, అసలు పంపులు, పలకల్ని తోసే అసలు యంత్రాలు, అన్నీ నిజం విమానంలో ఉన్న దూరాల్లోనే, ఒక ఇనుప చట్రం మీద అమర్చారు. ఎగరడం మాత్రం కంప్యూటర్‌లో. పైలట్ కర్ర కదిపితే నిజమైన పలక కదులుతుంది, ఎంత కదిలిందో కొలిచి కంప్యూటర్‌కి పంపితే విమానం ఎటు తిరగాలో అది లెక్కేసి చెబుతుంది. సగం లెక్క, సగం ఇనుము. లెక్కలో రాయలేకపోయిన లోపాల్ని ఇనుమే తెచ్చి లోపల పడేసింది. 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ మొదటి తేజస్‌ని ఎగరేసేనాటికి ఆ విమానం నేల మీదే ఎన్నోసార్లు ఎగిరి ఉంది.

ఇదే కాలంలో సముద్రం అవతల ఇంకో మార్పు. 1994లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 777ని పూర్తిగా కంప్యూటర్‌లోనే గీశారు, అక్కడే ముందుగా బిగించి చూసుకున్నారు. నిలువెత్తు చెక్క నమూనా దాదాపు అక్కర్లేకుండా పోయింది. బొమ్మ కంప్యూటర్‌లోకి వెళ్లాక అది ఏ ఊళ్లోనైనా తెరుచుకుంటుంది. కాకినాడలోనే చదివిన బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు 1991లో హైదరాబాద్‌లో పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 2000 తర్వాత ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజిన్ల పనిలోకి దిగింది. ఇప్పుడు దాని పేరు సైయెంట్. అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. నేను చేరింది వాటిల్లో ఒక చిన్నదాన్లో. పాత కాగితపు డ్రాయింగుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనితో మొదలుపెట్టి, ఆ డ్రాయింగులు కదిలే పనిలోకి వచ్చాను. విదేశీ ఇంజినీరు పంపిన పట్టికలో ఒక వరస నాకింకా గుర్తు. చక్రం దిగే లెక్క మూడు సార్లు చెయ్యాలి: మామూలు వాతావరణంలో, గడ్డకట్టే చలిలో, మండే ఎండలో. చలికి హైడ్రాలిక్ నూనె చిక్కబడుతుంది, తలుపు ఆలస్యమవుతుంది, చక్రం ఆగాలి. ఆ కాగితం నాన్నగారికి చూపించి చెబితే, ఆశ్చర్యమేమీ పడలేదు. "మరి చూసుకోవద్దూ" అన్నారు.

ఈ చరిత్ర అయిపోలేదు. వంగడం లెక్కలోకి వచ్చింది, వదులు వచ్చింది, చలీ ఎండా వచ్చాయి, ఆజ్ఞకీ కదలికకీ మధ్య ఆలస్యం వచ్చింది. ఇంకా సరిగ్గా రానివి ఉన్నాయి. అయిదేళ్లు తిరిగాక గ్రీజు ఎలా గట్టిపడుతుంది, రన్‌వే ధూళి బందులో చేరితే రాపిడి ఎంత పెరుగుతుంది, విప్పి బిగించిన ప్రతిసారీ నట్టు ఎంత తేడాగా బిగుస్తుంది. ఇవి తెలిసేది హ్యాంగర్‌లో విమానం కింద పడుకుని పనిచేసే మెకానిక్కుకి. మా తరం అతణ్ని చూడకుండానే అతని పనికి లెక్కలు కట్టింది, వేరే దారి లేక. ఇప్పుడా సాకు చెల్లదు. శంషాబాద్‌లో విమానాలు విప్పి బాగుచేసే హ్యాంగర్లు ఉన్నాయి, ఆదిభట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు తయారవుతున్నాయి. ఇనుము ఊళ్లోకి వచ్చేసింది. కొత్తగా చేరిన పిల్లల్ని ప్రోగ్రామ్ నేర్చుకోవడానికి వారం కూర్చోబెట్టే కంపెనీలు, అందులో రెండు రోజులు శంషాబాద్ హ్యాంగర్‌కి పంపితే చాలు. లెక్కలోకి రావాల్సిన తర్వాతి లోపం ఏదో వాళ్లే పట్టుకొస్తారు.